రెండు వేళ్లకు ఇరవై మంది దొంగలు

ఒక్క దొంగను నిలబడ్డ చోటే ఇరవై మందిని చేసిన మొనగాణ్ని ఆదోని తాలూకా మొత్తానికి నేనొక్కణ్నే. నాకు ముందు ఎవరూ చేయలేదు, నా తర్వాత ఎవరైనా చేసినట్టు వినలేదు. అందుకు నాకు తుపాకీ అవసరం పడలేదు, కత్తి అవసరం పడలేదు. ఒక తువ్వాలు, దాని కింద రెండు వేళ్లు చాలాయి. వకీలు గారి మాట పక్కన పెట్టి సొంత తెలివి వాడదామని ఆ రోజు ఎమ్మిగనూరు బస్సులో కూర్చుని నేను చేసుకున్న నిర్ణయం లాంటిది ముప్పై ఏళ్ల గుమాస్తా ఉద్యోగంలో మళ్లీ చేసుకోలేదు. చేసుకోనివ్వలేదు కూడా.

ఇప్పుడు వకీళ్ల దగ్గర కొత్తగా చేరుతున్న పిల్లలు నాకంటే చదువుకున్నవాళ్లు. నేను బడిలో చదివింది ఎనిమిది తరగతులు. మిగతా చదువంతా ఆదోనిలో మా నాయన బట్టల కొట్లో సాగింది. ఆ కొట్లో పది రూపాయల చీరకు పద్దెనిమిది చెప్పకపోతే కొనేవాళ్లే చిన్నబుచ్చుకునేవారు. వాళ్లు ఆరంటారు, మనం పదహారంటాం, వాళ్లు లేచి మెట్లు దిగుతారు, మనం వెనక్కి పిలుస్తాం. పదకొండుకు బేరం తెగుతుంది. ఇద్దరూ ఎదుటివాణ్ని ముంచామనుకుని సంతోషంగా ఉంటారు. మొదటి మాటే అసలు ధర చెప్పేవాణ్ని మా బజారులో పిచ్చివాడి కింద జమకట్టేవాళ్లం. ఆ చదువుతోనే నేను వకీలు గారి దగ్గర చేరాను. అక్కడ కాయితాలు రాయడం నేర్చుకున్నాను గాని, కొట్టు నా లోపలి నుంచి పోలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది నిండని రోజులవి. అంతకుముందు మాది బళ్లారి జిల్లా. ఒక తెల్లవారి లేచేసరికి కర్నూలు జిల్లా అయింది. మా కక్షిదారు ఒకాయనకు ఎమ్మిగనూరులో వేరుశనగ మండీ ఉండేది. యాభై ఏళ్లవాడు, మనిషి లావు, గుండె చిన్నది. ఊళ్లో అందరూ సావుకారు అనేవారు, నేనూ అలాగే అంటాను. వాళ్ల నాయన కాలం నాటి రెండు గొట్టాల తుపాకీ ఒకటి, లైసెన్సుతో సహా, ఆయనకు వచ్చింది. అది మండీ గోడకు వేలాడుతూ ఉండేది. ఏడాదికొకసారి ఆయుధపూజ నాడు దానికి కుంకుమ బొట్టు పెట్టడం తప్ప సావుకారు దాని జోలికి పోయి ఎరుగడు.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం, హమాలీలు అన్నానికి పోయిన వేళ, ఎవడో ఒకడు మచ్చు చూపిస్తానని చేతిసంచి పట్టుకుని లోపలికి వచ్చాడు. సంచిలోంచి శనక్కాయలకు బదులు కత్తి తీశాడు. ఇనప్పెట్టె తాళంచెవి అడిగాడు. సావుకారు ఇచ్చేవాడే, కాని తాళంచెవి మొలతాడుకు చిక్కుకుని ఊడి రాలేదు. వాడు ఆలస్యం సహించక కత్తితో మీదికి దూకాడు. సావుకారు మోచెయ్యి చీరుకుపోయింది. వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకుంటే తలకు తుపాకీ తగిలింది. దాన్ని తీసి, కళ్లు గట్టిగా మూసుకుని కాల్చాడు. అందులో తోటాలు ఉన్నాయన్న సంగతి ఆయనకు కూడా ఆ చప్పుడుతోనే తెలిసింది.

ఆవగింజలంత గుండ్లు దొంగ తొడలో దిగాయి. వాడు కత్తి పారేసి, కుంటుకుంటూ పోయి, దొరికిన లారీ ఎక్కి ఆదోని ఆసుపత్రిలో చేరాడు. శనక్కాయల ధర అడిగిన పాపానికి సావుకారు కాల్చినాడని అక్కడ చెప్పాడు. వాడి మాటే నిలిస్తే సావుకారు హత్యాప్రయత్నం కింద జైలుకు పోవాల్సిందే.

కబురు బస్సు డ్రైవరు మోసుకొచ్చాడు. వకీలు గారు కోర్టులో ఒక పెద్ద దావా వాదనలో ఉన్నారు. విరామంలో వరండాలోకి వచ్చి నన్ను స్తంభం పక్కకు పిలిచారు. ఆయన మాట్లాడే ముందు ముక్కుపొడుం పీల్చేవారు. పీల్చారంటే ఆ తర్వాతి మాట ముఖ్యమని అర్థం. ఆ రోజు రెండుసార్లు పీల్చారు.

"నేను రేపు పొద్దున మొదటి బస్సుకు గాని రాలేను. నువ్వు ఇప్పుడే పో. ప్రాణం మీదికి వచ్చినోణ్ని ఆపే హక్కు సట్టం ఆయప్పకు ఇచ్చింది, భయం లేదని సెప్పు. తుపాకీ అడిగితే ఇచ్చెయ్యమను. దాయొద్దు, తుడవొద్దు. దాని నంబరు, మిగిలిన తోటా, అన్నీ రాయించి రసీదు తీసుకో. కత్తి పడినకాడే పడుండల్ల. ఒకడు కత్తితో మీదికొచ్చినాడు, ప్రాణభయంతో కాల్చినాను, మిగతాది మా వకీలు వచ్చినాక సెప్తాను. అంతే. ఇంకొక్క మాట వద్దు. వకీలుతో మాట్లాడే హక్కు రాజ్యాంగంలోనే రాసినారు. ఏం సెప్పమంటి?"

పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన సంతృప్తిగా లోపలికి పోయారు. నా జ్ఞాపకశక్తి మీద ఆయనకు నమ్మకం ఉండేది. నా తెలివి ఎంత దూరం పోతుందో కూడా తెలిసి ఉంటే ఆ ముక్కుపొడుం మూడోసారి పీల్చి, దాన్ని వాడొద్దని చెప్పి ఉండేవారు.

బస్సులో ఆలోచించాను. ఒక దొంగ, ఒక కత్తి. ఇది అసలు ధర. వకీలు గారు గొప్ప చదువరే గాని ఎన్నడూ కొట్లో కూర్చున్నవారు కారు. పోలీసులు ఎలాగూ మనం చెప్పినదాంట్లో సగం కొట్టేస్తారు. ఒకడని చెబితే అరదొంగ మిగులుతాడు. అరదొంగకు భయపడి కాల్చాడంటే ఏ మేజిస్ట్రేటు ఒప్పుకుంటాడు? కాబట్టి నలుగురని మొదలుపెట్టాలి. వాళ్లు లాగితే ముగ్గురు, ఇంకా లాగితే ఇద్దరు. చివరకు మన ఒక్కడికి వచ్చి ఆగితే, వాళ్లకు మూడు తగ్గించిన తృప్తి, మనకు అసలు దక్కిన తృప్తి. ఎమ్మిగనూరు చేరేసరికి నా తెలివికి నాకే ముద్దు వచ్చింది.

మండీలో సబ్ ఇన్‌స్పెక్టరు అప్పటికే కూర్చుని ఉన్నాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మర్యాదస్తుడు. మా మాట సగం అర్థమయ్యేది కాదు, అర్థం కానప్పుడల్లా పక్కనున్న స్టేషను రైటరు వైపు చూసేవాడు. రైటరు మా ఊరివాడే, ముసలివాడు, తెల్ల మీసాలు. కత్తి పడిన చోటే ఉంది, దాని చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి ఉంది. సావుకారు మోచేతికి గుడ్డ కట్టుకుని, శనక్కాయల బస్తా మీద ముడుచుకుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఎంత అపాత్రదానమో ఆయనకు తెలియదు.

మొదట తుపాకీ బేరం. అది నాకు తెలిసిన విద్య. రసీదులో నంబరు రాయించాను, వాడని తోటా ఒకటని రాయించాను, గొట్టం మీది గీతలు లెక్కపెట్టి రాయించాను, కర్రపిడి మీది కుంకుమ బొట్టు కూడా రాయించాను. అప్పుడు రైటరు లైసెన్సు తిప్పి చూసి, ముద్ర బళ్లారి కలెక్టరుదనీ, బళ్లారి ఇప్పుడు మైసూరు రాష్ట్రంలోకి పోయిందనీ, పక్క రాష్ట్రపు లైసెన్సు మన దగ్గర చెల్లదేమోననీ అన్నాడు. సావుకారు బస్తా మీద నుంచి జారిపోయాడు.

"తుపాకీ యాడికీ పోలేదు స్వామీ," అన్నాను నేను. "ఇరవై ఏండ్లుగా ఆ గోడకే ఉండాది. జిల్లానే లేసి పోయింది. కావల్నంటే పోయినదాన్ని పిలిపిచ్చి అడగండి."

సబ్ ఇన్‌స్పెక్టరు నవ్వేశాడు. లైసెన్సుకు కాలం ఇంకా ఉంది కాబట్టి ప్రస్తుతానికి చెల్లినట్టేనని రాసుకొమ్మన్నాడు. ఆ గెలుపే నన్ను చెడగొట్టింది. మొదటి బేరం బాగా తెగిన రోజు రెండో బేరంలో ఒళ్లు తెలియదు.

సావుకారును మంచినీళ్ల మిషతో లోపలి గదికి తీసుకుపోయి, నలుగురని చెప్పమన్నాను. తర్వాత మెల్లగా దిగుదామన్నాను. వకీలు గారే చెప్పమన్నారా అని అడిగాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఔనన్నాను.

బయటికి వచ్చి కూర్చున్నాం. సబ్ ఇన్‌స్పెక్టరు ఎంతమంది వచ్చారండీ అని అడిగాడు. సావుకారు నలుగురన్నాడు. రైటరు రాశాడు. సబ్ ఇన్‌స్పెక్టరు కత్తి వైపు చూసి, నేల వైపు చూసి, నలుగురికీ కలిపి ఒకే కత్తి ఏమిటండీ అన్నాడు. సావుకారు కాస్త ఆలోచించి, పొత్తులో కొనుక్కున్నారేమో స్వామీ అన్నాడు.

దిగే సమయం వచ్చిందని నాకు అర్థమైంది. నలుగురి నుంచి ఇద్దరికి రావాలి. ఎదురుగా పోలీసులుండగా నోటితో చెప్పడం ఎలా? అప్పుడు మా బజారు విద్య గుర్తొచ్చింది. ఆదోని పత్తి బజారులో దలాలీలు ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా ఒక తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుంటారు. పక్కనున్నవాడికి తువ్వాలు కదలడమే తప్ప ధర తెలియదు. సావుకారుకు ఆ విద్య ఉగ్గుపాలతో అబ్బింది. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుతున్నట్టు మా ఇద్దరి చేతుల మీదా కప్పి, ఆయన రెండు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కాను.

నేను మరచిపోయిన సంగతులు రెండు. ఆ విద్యలో రెండు వేళ్లంటే రెండూ కావచ్చు, ఇరవయ్యీ కావచ్చు, ఆ సమయాన్ని బట్టి ఎదుటివాడు పోల్చుకోవాలి. ఇక రెండోది, మన తరఫు దలాలీ మన వేలు నొక్కాడంటే పైకి పొమ్మనే గాని కిందికి దిగమని ఎన్నడూ కాదు. తన ధర తానే తగ్గించే దలాలీని సావుకారు జన్మలో చూడలేదు.

ఆయన ముఖం వెలిగింది. "నలుగురని తప్పు సెప్పినా స్వామీ," అన్నాడు. "ఇరవై మంది."

రైటరు కలం ఆగింది. సబ్ ఇన్‌స్పెక్టరు ఇందాక నలుగురన్నారు కదండీ అన్నాడు. నేను కిందనుంచి రెండు వేళ్లను విరిగేలా నొక్కుతున్నాను. సావుకారుకు అది ఉత్సాహంగా తోచింది. నలుగురే లోపలికి వచ్చినారనీ, తక్కినోళ్లు వాకిట్లో నిలబడిరనీ చెప్పాడు. ఇంకా నొక్కాను. వాళ్లకు కంబళ్లు కూడా ఉన్నాయన్నాడు.

కంబళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఈనాటికీ నాకు తెలియదు. నేను నొక్కిన నొక్కుకు ఏదో ఒకటి ఇవ్వాలనుకుని ఉంటాడు.

సబ్ ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. ఐదుగురు గాని అంతకు మించి గాని ఉంటే అది బందిపోటు దోపిడీ అవుతుందనీ, ఆదోనికి వెంటనే తంతి ఇవ్వాలనీ, సాయుధ పోలీసులు వస్తారనీ అన్నాడు. సావుకారును వాంగ్మూలం మీద సంతకం పెట్టమన్నాడు. సావుకారు కలం తీసుకుని, నా వైపు చూసి, మళ్లీ కలం కింద పెట్టాడు. ఇంకా బేరం తెగలేదు కదా, తెగకుండా చేవ్రాలు యెట్ల పెడతామని నాకు మాత్రం వినబడేలా అడిగాడు. పైకి మాత్రం చెయ్యి నొప్పి, పొద్దున పెడతానన్నాడు. సబ్ ఇన్‌స్పెక్టరు తంతి హడావిడిలో సరేనన్నాడు. ఆ పూట మా ఇద్దరిలో ఎవరైనా చేసిన తెలివైన పని అదొక్కటే. అది కూడా ఆయన తెలియక చేసిందే.

పొద్దు కూకకముందే ఆదోని నుంచి లారీ నిండా సాయుధ పోలీసులు దిగారు. ఊరి కోమట్లు దుకాణాలు మూసుకున్నారు. మగ్గాల వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. నేను సావుకారు ఇంట్లో ఉప్మా తిని పడుకున్నాను. చెప్పకూడదు గాని, హాయిగానే పడుకున్నాను. కేసు పెద్దదైంది కాబట్టి వకీలు గారి ఫీజు కూడా పెరుగుతుందని, నాకూ ఏదో ఒకటి రాలుతుందని లెక్కలు వేసుకున్నాను.

పొద్దున వకీలు గారు మొదటి బస్సు దిగి మండీకి వచ్చేసరికి, వాకిట్లో పదకొండు మంది వరసగా కూర్చుని ఉన్నారు. అందరికీ కంబళ్లున్నాయి. తుంగభద్ర వైపు బీళ్లలో మందలు మేపుకుంటున్న గొర్రెల కాపరులు. సాయంత్రం సాయుధ పోలీసులు కంబళ్లు చూసి పట్టుకొచ్చి, తెల్లవార్లూ స్టేషను లాకప్పులో ఉంచారు. వాళ్లలో ఒక ముసలాయన చలికి కాదు, కోపానికి వణుకుతున్నాడు.

సబ్ ఇన్‌స్పెక్టరు సావుకారును పిలిచి, వీళ్లలో ఎవరెవరు వచ్చారో చూపించమన్నాడు. సావుకారు వాళ్ల ముఖాలు చూశాడు, నా ముఖం చూశాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి నా వైపు చాచాడు, ధర చెప్పమన్నట్టు.

వకీలు గారు ఇదంతా చూస్తున్నారు. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. ముక్కుపొడుం డబ్బీ చేతిలో ఉంది, మూత తీయలేదు. సావుకారు ఒక్కడి వైపు వేలు చూపినా వాడికి ఏళ్ల శిక్ష. ఎవరినీ చూపకపోతే నిన్నటిది అబద్ధమని తేలి, కత్తి కూడా అబద్ధమే అవుతుంది, ఆత్మరక్షణ కూడా అబద్ధమే అవుతుంది. సావుకారు జైలుకు పోతాడు. మా కొట్లో ఇలాంటి చోటుకు వచ్చి ఆగిన బేరం నేను ఎన్నడూ చూడలేదు. మెట్లు దిగిపోదామంటే నాకు మెట్లు లేవు.

"స్వామీ, ఆ ఇరవై నాది," అన్నాను.

సబ్ ఇన్‌స్పెక్టరు రైటరు వైపు చూశాడు, అర్థం కాని మాట ఏదో ఉందనుకుని. నేను మొత్తం చెప్పాను. కొట్టు, చీర, అరదొంగ, తువ్వాలు, రెండు వేళ్లు. చివరకు వచ్చాక రైటరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి.

"అంటే పోలీసు రికార్డులో మీరు బేరం ఆడారా?" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు. అతనికి కోపం రావాలో నవ్వు రావాలో ఇంకా తేల్చుకోలేదు. "సరే. చివరి ధర చెప్పండి. ఇక తగ్గించేది లేదు, పెంచేది లేదు."

"ఒక్కడు స్వామీ. ఒక్క కత్తి."

అప్పుడు బస్తాల చాటు నుంచి ఒక గొంతు, "ఒగడే," అంది. మండీలో శనక్కాయలు చెరిగే ముసలమ్మ. ఆమె నిన్న మధ్యాహ్నం అక్కడే, బస్తాల వెనక చేట తల కింద పెట్టుకుని పడుకుని ఉందట. అన్నీ చూసిందట. కత్తి తీయడం, చెయ్యి చీరడం, సావుకారు కళ్లు మూసుకోవడం. నిన్న ఎందుకు చెప్పలేదమ్మా అని వకీలు గారు అడిగారు.

"నన్నెవురూ అడగల్యా," అంది. "ఇరవై మంది అని ఆయప్ప అంటాంటే, నేను కునుకు తీసిన్యాళ తక్కినోళ్లు వచ్చింటారులే అనుకుంటి."

వకీలు గారు వాంగ్మూలం మీద సంతకం ఉందా అని అడిగారు. లేదని తెలిశాక ఆయన ముక్కుపొడుం పీల్చి, దీర్ఘంగా తుమ్మి, సావుకారు భుజం తట్టారు. సంతకం పెట్టి ఉంటే తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు వేరే కేసు మీద పడేదని నాకు తర్వాత చెప్పారు. అక్కడే కూర్చుని కొత్త వాంగ్మూలం చెప్పించారు. అది మూడు వాక్యాలు. ఒకడు కత్తితో మీదికొచ్చినాడు. ప్రాణభయంతో కాల్చినాను. మిగతాది అడిగితే మా వకీలు ముందర చెప్తాను. నిన్న బస్సు ఎక్కే ముందు నేను పొల్లుపోకుండా అప్పజెప్పినవే ఆ మూడు వాక్యాలు.

కాపరులను అప్పుడే వదిలేశారు. పోలీసులు సావుకారు మీద అభియోగం పెట్టలేదు. ఆత్మరక్షణ అని రాసి మూసేశారు. తొడలో గుండ్లు తీయించుకున్నవాడికి దోపిడీ ప్రయత్నం కింద శిక్ష పడింది. వకీలు గారు నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. కాని ఆ తర్వాత ఏ కక్షిదారు ముందైనా నేను నోరు తెరవబోతే, మాట్లాడకుండా రెండు వేళ్లు పైకెత్తి చూపేవారు. కోర్టు వరండాలో అందరికీ అలవాటైంది. ఒకసారి బెంచీ మీద నుంచి మునసబు గారు కూడా చూపారు.

ఇక ఖర్చు ఎంత అయిందో చెప్పి ముగిస్తాను. తుపాకీ పధ్నాలుగు నెలలు ఠాణాలో ఉండి తుప్పుతో తిరిగొచ్చింది. రసీదులో తుప్పు రాసి లేకపోయినా మారు మాట్లాడకుండా తీసుకున్నాం. సాయుధ పోలీసులకు రెండు పూటలు అన్నం సావుకారు పెట్టాడు. ఫీజు పెరగలేదు, నాకు ఏమీ రాలలేదు. కాపరులు లాకప్పులో ఉన్న రాత్రి వాళ్ల మందలు చెల్లాచెదరై గొర్రెపిల్లలు కొన్ని పోయాయని తెలిసి, నా జీతంలోంచి కట్టుకుంటానని వకీలు గారి ముందు ఒప్పుకుని, ఆదివారం నాడు బీళ్లలోకి పోయాను. కోపంతో వణికిన ముసలాయనే ఎదురొచ్చాడు. నాలుగు పిల్లలు పోయినాయన్నాడు, పిల్లకు ఇంత అన్నాడు. జన్మలో మొదటిసారి బేరమాడకుండా అడిగినంత లెక్కపెట్టి చేతిలో పెట్టాను. ఆయన నోట్లను ఎండకెత్తి చూసుకున్నాడు. దొంగనోట్లు కావని తేలాక కూడా ముఖంలో అనుమానం పోలేదు. ఏడాది తర్వాత సంతలో కనబడి, పోయినవి రెండేననీ, నేను సగానికి లాగుతాననుకుని తాను నాలుగు చెప్పాడనీ, లాగకపోయేసరికి ఏం చెయ్యాలో తనకు తోచలేదనీ నవ్వుతూ చెప్పాడు. ఆ రెండు పిల్లల డబ్బు వెనక్కి ఇవ్వబోలేదు, నేనూ అడగలేదు. కాబట్టి లెక్క ఇది. పోయిన పిల్లలు రెండు, నేను కట్టినవి నాలుగు. పదకొండు మంది లాకప్పులో కూర్చున్న రాత్రికి ఆయన ధర చెప్పలేదు, నేను కట్టలేదు.